ఇంగ్లిషు నుంచి తెలుగులోకి – 9వ పాఠం: ఎనిమిది పాత్రల పాస్‌వర్డ్

కిందటి పాఠం చివర ఐదు వాక్యాలిచ్చాను. ఐదింట్లోనూ ‘క్యారెక్టర్’ అనే మాట ఉంది, తెలుగు చేసి పంపండి అన్నాను. వరసగా పాస్‌వర్డ్, ఒకావిడ గుణం, మా వీధి, నాటకంలో ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు వేసిన క్యారెక్టర్, మీ తాతయ్య వాటి విషయాలు. తేలికలే అనుకున్నాను. మీ జవాబులు చదివాక, ఈ వారం చెబుదామనుకున్న కర్మణి వాక్యాలను పక్కన పెట్టేశాను.

ఒకావిడ ‘పాస్‌వర్డ్‌లో కనీసం 8 పాత్రలు ఉండాలి’ అని రాశారు. గిన్నెలా, గ్లాసులా అని అడగబుద్ధయింది. ఇంకొకాయన ‘ఆమె మంచి పాత్ర గల మహిళ’ అన్నారు. మూడో ఆయన ‘మా వీధికి ఒక పాత్ర ఉంది’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టారు. అంటే ఆయనకే అనుమానం వచ్చిందన్నమాట, సంతోషం. తప్పులో సగం నాది. ‘నిఘంటువులో మొదటి అర్థం చాలావరకు సరిపోతుంది’ అని 8వ పాఠంలో రాసింది నేనే. ఆ వాక్యాన్ని కొట్టేయండి.

నాటకంలో, కథలో వచ్చే క్యారెక్టర్‌ని అందరూ పాత్ర అనే రాశారు. దాని గురించి చెప్పేదేం లేదు. పాత్ర అసలు ఏమిటో మాత్రం ఒకసారి చూడండి. ‘పా’ అంటే తాగడం. పాత్ర అంటే తాగే గిన్నె. గిన్నె పట్టగలదు కాబట్టి, దేనికైనా తగినవాణ్ని కూడా పాత్రుడు అన్నాం. దానపాత్రుడు, అపాత్రదానం అలా వచ్చినవే. నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణంలో నర్తకినే పాత్ర అంటారు, ఆమెకు ఉండాల్సిన పది గుణాలకు పాత్రప్రాణాలని పేరు. కూచిపూడిలో పాత్ర రంగం మీదికి వచ్చేటప్పటి పాట, పాత్ర ప్రవేశ దరువు, మీకు తెలిసిందే. ఎటు తిప్పినా పాత్ర దేన్నో పట్టి ఉంచేదే. దాన్ని పాస్‌వర్డ్‌లోకి తోస్తే పట్టదు.

ఇంగ్లిషు మాట పుట్టుక వేరు. గ్రీకులో ‘ఖరక్తేర్’ అంటే గీరేది, చెక్కేది. నాణేలు కొట్టే అచ్చుకు అదే పేరు. రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ళ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. ఆ దెబ్బతో బిళ్ళ మీద పడ్డ ముద్రనూ ఖరక్తేర్ అనడం మొదలైంది. అక్కడి నుంచి మనిషి మీదికి పాకింది. క్రీ.పూ. 431లో ఏథెన్స్‌లో ఆడిన యూరిపిడీస్ నాటకంలో, భర్త చేతిలో మోసపోయిన మెడియా దేవుణ్ని నిలదీస్తుంది. నకిలీ బంగారాన్ని పసిగట్టే గుర్తులు మనుషులకు ఇచ్చావు కదా, చెడ్డవాణ్ని పోల్చుకునేందుకు వాడి ఒంటి మీద ఒక ముద్ర ఎందుకు వెయ్యలేదు అని. ఆ ముద్రకు ఆమె వాడిన మాట ఖరక్తేరే. అప్పటికి అది స్వభావం కాలేదు. నాణెం మీద బొమ్మ లాంటి గుర్తే, కాకపోతే మనిషి మీద కోరుకుంటోంది.

తర్వాత అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ఈ పేరుతోనే 30 రకాల మనుషుల్ని రాశాడు. ముఖస్తుతి చేసేవాడు, వాగుడుకాయ, పిసినారి, ఇలా. ఆయన పిసినారి ఏం చేస్తాడంటే, భార్య చేతిలోంచి చిన్న రాగి నాణెం జారితే మంచాలు, పెట్టెలు అన్నీ జరిపించి వెతుకుతాడు. అలాంటివాణ్ని మీరూ నేనూ చూశాం. ముద్ర ‘రకం’గా మారింది ఇక్కడే. ఇంగ్లిషులోకి ఈ మాట లాటిన్, ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో వచ్చింది. అప్పుడు దాని అర్థం గీసిన గుర్తు, వేసిన ముద్ర. నాటకంలో వేషం అనే అర్థం 17వ శతాబ్దానికి గానీ రాలేదు. మీరు మొదటి అర్థం అనుకుని పట్టుకున్నది నిజానికి ఆలస్యంగా పుట్టిన బిడ్డ.

మనకు గీరడం కొత్తేం కాదు. తాటాకు మీద గంటంతో గీరి, దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచేది. గంటం పక్కా ఖరక్తేర్. ‘వీడు అచ్చు గుద్దినట్టు వాళ్ళ నాన్నే’ అంటాం చూడండి, ఆ అచ్చు కూడా అదే. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయం 3వ వచనంలో, కుమారుణ్ని తండ్రి తత్త్వానికి ఖరక్తేర్ అన్నారు. తెలుగు బైబిల్ అనువాదకులు అక్కడ ‘మూర్తిమంతము’ అని పెట్టారు. పాత్ర అనలేదు, శీలం అనలేదు. వాళ్ళు ముద్రను చూశారు. నాకు ఆ ఒక్క మాట మీద చాలా గౌరవం.

కాబట్టి క్యారెక్టర్ కనిపించగానే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ముద్ర దేని మీద పడింది? కాగితం మీదా, మనిషి లోపలా, జనం నోటా, వస్తువు మీదా? వీధి విషయమైతే ‘మా వీధి తీరే వేరు’ అంటే అయిపోయింది. ‘మీ తాతయ్య ఒక క్యారెక్టర్’ అనే ఐదో వాక్యానికి ‘విలక్షణ వ్యక్తిత్వం గలవారు’ అని రాసినవాళ్ళు ఆ తాతయ్యను సన్మాన సభలో కూర్చోబెట్టారు. ‘మీ తాతయ్య ఒక ఘటం’ అనండి, ప్రాణం వస్తుంది. (చూశారా, ఇక్కడ మళ్ళీ కుండే!) శాల్తీ అన్నా ఒప్పుకుంటాను.

ఒకావిడ గుణం గురించిన రెండో వాక్యానికి చాలామంది ‘శీలవతి’ అని రాశారు. ఇది పాత్ర కంటే ప్రమాదం. సంస్కృతంలో శీలం అంటే అలవాటై స్థిరపడిన స్వభావం. సహనశీలి, ప్రగతిశీల అన్నప్పుడు ఇంకా ఆ అర్థమే ఉంది. బౌద్ధుల పంచశీల నడవడికి సంబంధించిన నియమాలు. 1954లో భారత్, చైనా ఒప్పుకున్న ఐదు సూత్రాలకూ ఆ పేరే పెట్టారు. కానీ విడిగా ‘శీలం’ అంటే ఇవాళ తెలుగులో ఆడవాళ్ళ ఒంటికి అంటగట్టిన మాట. లంచం తిన్న గుమాస్తాకు శీలం పోయిందని ఎవరైనా రాశారా? తెలుగు నోట్లో పడి ‘క్యారెక్టర్’ కూడా ఆ సందులోకే పోయింది. ‘దాని క్యారెక్టర్ మంచిది కాదు’ అంటే ఆమె అప్పులు ఎగ్గొడుతుందని ఎవరూ అనుకోరు. మూలంలో నిజాయితీ ఉంటే నిజాయితీ అనే రాయండి, లేదా ‘మాట మీద నిలబడే మనిషి’ అనండి. సర్టిఫికెట్ అయితే నడవడి చాలు. కోర్టు కాగితమైతే ఇంకా జాగ్రత్త. 1872 నాటి సాక్ష్య చట్టం 55వ సెక్షన్ వివరణ ప్రకారం క్యారెక్టర్ అంటే మనిషికి జనంలో ఉన్న పేరు, అతని స్వభావం రెండూ. దాని చోట 2024 జులై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చినా ఈ వివరణ మారలేదు. అక్కడ ‘శీలం’ అని రాస్తే కేసే వేరైపోతుంది. నేనైతే ‘గుణగణాలు’ వాడతాను.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. పాస్‌వర్డ్ వాక్యానికి పాత్ర అనని వాళ్ళంతా ‘8 అక్షరాలు’ అన్నారు. సరే అనిపిస్తుంది. కాదు.

పదేళ్ళ కిందట నేనే ఒక దరఖాస్తు ఫారం తెలుగు చేస్తూ, పేరు పెట్టె కింద ‘25 అక్షరాలకు మించరాదు’ అని రాశాను. ఒకాయన పేరు, ఉదాహరణకు వేంకట సూర్యనారాయణ శాస్త్రి అనుకోండి. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. వేం-క-ట, సూ-ర్య-నా-రా-య-ణ, శా-స్త్రి. మొత్తం 11. మధ్య ఖాళీలు రెండూ కలిపినా 13. ధైర్యంగా టైపు చేశారు. పెట్టె ‘వేంకట సూర్యనారాయణ శాస్త్ర’ దగ్గర ఆగిపోయింది. చివరి గుడి లోపలికి పోలేదు. కార్డు కూడా అలాగే అచ్చయి వచ్చింది. ఎందుకంటే కంప్యూటర్‌కు ఆ పేరు 26 క్యారెక్టర్లు.

ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. హల్లుకో గది, గుణింతపు గుర్తుకో గది, పొల్లుకో గది. ఒత్తుకు గది లేదు. పొల్లు, దాని వెనక హల్లు కలిస్తేనే ఒత్తు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు. నమ్మకం లేకపోతే ఫోన్‌లో స్త్రీ అని కొట్టి, ఒక్కొక్కటిగా చెరుపుతూ రండి. చాలా ఫోన్లలో ముందు గుడిదీర్ఘం ఊడుతుంది, తర్వాత ర, తర్వాత త కింద పొల్లు, అలా ఆరు నొక్కులు పడుతుంది.

ఇంకో పేరు: శ్రీలక్ష్మి. ఛందస్సు ప్రకారం శ్రీ-ల-క్ష్మి, మూడు అక్షరాలు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలని మనం లెక్కపెట్టేది ఈ లెక్కలోనే. పలికే వర్ణాలు విడదీస్తే శ్, ర్, ఈ, ల్, అ, క్, ష్, మ్, ఇ: తొమ్మిది. యూనికోడ్ క్యారెక్టర్లు పదకొండు. పేరు ఒకటే, లెక్కలు మూడు. ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే గొడవ. ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లిషులో అందులో 160 క్యారెక్టర్లు పడతాయి, తెలుగులో 70. ఆ డెబ్బైలో స్త్రీ ఒక్కటే ఆరు తినేస్తుంది. ‘70 అక్షరాలు పంపవచ్చు’ అని రాసినవాడు జనాన్ని మోసం చేసినట్టే.

మరి ఏం రాయాలి? తెలుగు లిపిలో ‘క్యారెక్టర్లు’ అనే వదిలేయండి. పండిత మిత్రులు కొందరు ‘సంకేతాక్షరాలు’ అంటున్నారు. నాకు నచ్చదు, అందులోనూ అక్షరమే ఉంది. అక్షరం అంటే క్షరం కానిది, చెరగనిది. ఎనిమిది చుక్కల వెనక దాక్కునే పాస్‌వర్డ్‌కు అంత బరువెందుకు? ఒక హెచ్చరిక: చోటు ఉంటే ‘ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకు వస్తాయి’ అని ఒక ముక్క కలపండి. శాస్త్రిగారి లాంటివాళ్ళు దీవిస్తారు.

క్యారెక్టర్ ఆర్టిస్టును ‘పాత్ర కళాకారుడు’ చేసిన ఇద్దరికీ: పత్రికలు ‘గుణచిత్ర నటుడు’ అంటాయి, జనం క్యారెక్టర్ ఆర్టిస్టు అంటారు. జనం పక్షాన ఉండండి.

అభ్యాసం. నాలుగో వాక్యం, అంటే నాటకం గురించినది, వదిలేసి, మిగతా నాలుగూ మళ్ళీ రాయండి. పాత్ర, శీలం, అక్షరం వాడకూడదు. ఇంటిపేరుతో సహా మీ పూర్తి పేరును మూడు లెక్కల్లోనూ రాయండి. చెరిపి సరిచూసుకున్నాకే పంపండి. మూడోది కాస్త కష్టం. మూడు రోజులు చెవులు రిక్కించి, ఇంట్లో, బస్సులో, టీవీలో వినబడ్డ ‘క్యారెక్టర్’లన్నీ నోటుపుస్తకంలో ఎక్కించండి. కనీసం 15. ఎవరు అన్నారు, ఎవరి గురించి అన్నారు, ఆడవాళ్ళ గురించా మగవాళ్ళ గురించా, అక్కడ ఏ తెలుగు మాట సరిగ్గా కూర్చుంటుంది, ఒక్కోదానికి ఒక్కో వరుస. పేర్లు రాయొద్దు, ‘పక్కింటాయన’ అంటే చాలు.

పదో పాఠంలో కర్మణి వాక్యాలు. ఈసారి నిజంగానే.