నల్లగొండ గ్రౌండ్‌లో ప్లేస్‌కిక్కర్‌గా మొదలుపెట్టడం ఎలా

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, ఫుట్‌బాల్ ఆడతాడు, కాలు మంచి బలం. అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోల్లో ప్లేస్‌కిక్కర్‌ను, అంటే నిలబెట్టిన బంతిని తన్నే ఆటగాణ్ని చూసి "మామా, ఈ పని నేనూ చేస్తా" అన్నాడు. ఆర్నెల్లుగా తెల్లారి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వాడితోనే ఉంటున్నా. అలాంటి పిల్లలు పాలమూరులో, దేవరకొండలో, మిర్యాలగూడలో కూడా ఉంటారు కాబట్టి నేర్చుకున్నది రాస్తున్నా.

నేల మీద నిలబెట్టిన బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి, అడ్డకడ్డీ పైనుంచి దాటించాలి, పని అంతే. ఆట మధ్యలో ఇలా దాటిస్తే ఫీల్డ్ గోల్, దానికి 3 పాయింట్లు; టచ్‌డౌన్ (బంతిని అవతలి జట్టు గీత దాటించడం) తర్వాతి కిక్‌కు 1. అడ్డకడ్డీ ఎత్తు 10 అడుగులు, అంటే బాస్కెట్‌బాల్ రింగు ఎత్తే. స్తంభాల మధ్య 18 అడుగుల 6 అంగుళాలు. దూరాలన్నీ గజాల్లో చెప్తారు, మనకు క్రికెట్ పిచ్ 22 గజాలని తెలుసు కాబట్టి దాంతోనే కొలవండి. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో, 2015 నుంచి ఆ ఒక్క పాయింటు కిక్కే 33 గజాలు, ఒకటిన్నర పిచ్. 2021లో అక్కడి కిక్కర్ జస్టిన్ టకర్ తన్నింది 66 గజాలు, సరిగ్గా మూడు పిచ్‌లు, అది కూడా కడ్డీకి తగిలి ఎగిరి అవతల పడింది.

మీరు మాత్రం ఒక్క పిచ్ దూరంతో మొదలుపెట్టండి. కోలగా ఉండే అసలు బంతి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, గుండ్రటి బంతితో అలవాటు చేసుకుంటే లాభం లేదు. కుడికాలి వాళ్లయితే బంతి దగ్గర నిలబడి నేరుగా వెనక్కి మూడు అంగలు, అక్కణ్నుంచి ఎడమకు రెండు అంగలు. ఎడమపాదం బంతి పక్కన జానెడు, జానెడున్నర ఎడంగా పడాలి, దాని వేళ్లు స్తంభాల వైపు చూడాలి. బొటనవేలితో పొడవకండి, పాదం పైనున్న గట్టి ఎముకతో బంతి నడుముకు కాస్త కింద తగలాలి, చీలమండ బిగిసి ఉండాలి, తల పైకి లేవకూడదు. ఎక్కువమంది ఇక్కడే పోతారు, బంతి ఎటు పోయిందో చూడాలనే ఆత్రంలో తన్నకముందే తల ఎత్తేస్తారు.

అడుగులు మాత్రం ప్రతిసారీ ఒక్కలాగే పడాలి. నా దృష్టిలో ఈ ఆట మొత్తం అదే. సున్నంతో గుర్తులు పెట్టుకుని బంతి లేకుండా రోజూ యాభైసార్లు అడుగులు వేయించాను, వాడికి విసుగొచ్చింది గానీ గురి కుదిరింది దాంతోనే. కిక్‌లు వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పై నలభై చాలు. మొదట్లో దూరం పెంచాలన్న తొందరలో రోజూ తన్నించాను, గజ్జల్లో కండరం పట్టేసి మూడు వారాలు కూర్చున్నాడు, ఆ తప్పు నాదే. ఆషాఢం గాలికి ప్రాక్టీస్ ఆపకండి, గాలి బంతిని ఎంత లాగుతుందో అప్పుడే తెలుస్తుంది.

బంతి పట్టి నిలబెట్టడానికి ఒక దోస్తును కూడా తయారుచేసుకోండి. మ్యాచ్‌లో ఒకడు బంతిని వెనక్కి విసురుతాడు, ఒకడు పట్టి నిలబెడతాడు, దాని కుట్లు స్తంభాల వైపు తిప్పుతాడు, మీరు తన్నాలి, మొత్తం ఒకటింపావు సెకను దరిదాపుల్లో అయిపోవాలి.

ఇక ఉద్యోగం సంగతి. ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు 32, మామూలుగా జట్టుకు ఒక్కడే కిక్కర్. వరసగా రెండు మ్యాచ్‌లు చెడితే ఇంకొకర్ని పిలిచి పరీక్షిస్తారు, అందుకే టెన్షన్ తట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే. అయినా దారి మూసుకుపోలేదు. డెన్మార్క్ నుంచి ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా వెళ్లిన మోర్టెన్ ఆండర్సన్ పాతికేళ్లు ఆడి 2017లో ఆ ఆట గొప్పవాళ్ల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. బ్రాండన్ ఆబ్రీ మనం ఆడే ఫుట్‌బాల్ (సాకర్) మానేసి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసి, 2023లో 28 ఏళ్లకు డల్లాస్ జట్టులో చేరి మొదటి 35 ఫీల్డ్ గోల్స్ ఒక్కటీ తప్పలేదు. ఐర్లాండ్ కుర్రాడు చార్లీ స్మిత్ ఇతర దేశాల ఆటగాళ్ల కోసం ఎన్ఎఫ్ఎల్ నడిపే పథకం ద్వారా 2024లో న్యూ ఆర్లియన్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు.

మన పిల్లలకు అందుబాటులో ఉండేది అమెరికా కాలేజీ దారి, దానికి మార్కులూ ఇంగ్లిషూ కావాలి కాబట్టి డిగ్రీ వదలకండి. కోచ్‌లకు పంపే వీడియో వెనక నుంచి తీయండి, బంతి కాలి నుంచి స్తంభాల దాకా కనపడాలి, వరసగా పది కిక్‌లు, తప్పినవీ ఉంచండి. మావాడి వీడియోలో పదింటికి ఏడు దాటాయి, 40 గజాల నుంచి. వచ్చే నెల మళ్లీ తీస్తాం.