అవగాహన పోస్టర్ వద్దు, ప్రశ్న మార్చండి

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. మేం పనిచేసిన ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంది. తాగడానికి క్యాన్ తెచ్చుకుంటారు, వంట మాత్రం బోరు నీళ్లతోనే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట మైకులో ఎన్నిసార్లు చెప్పినా వంటింట్లో బిందె మారలేదు.

ఇలాంటి చోట డిజైన్ పరిశోధకుడు కీస్ డోర్స్ట్ చెప్పిన ఫ్రేమ్ క్రియేషన్, అంటే సమస్యను చూసే కోణాన్నే మార్చే పద్ధతి, పనికొస్తుంది. సిడ్నీలో కింగ్స్ క్రాస్ అనే చోట రాత్రిళ్లు తాగి గొడవలు పడేవాళ్లు. పోలీసులతో తగ్గకపోతే, ఆయన బృందం దాన్ని నేరంగా కాకుండా పెద్ద సంగీతోత్సవంలా చూసింది. అప్పుడు జనం ఇంటికెలా వెళ్తారు, మరుగుదొడ్లెక్కడ, దారి చూపేదెవరు అనే ప్రశ్నలు పుట్టాయి.

మీరు చేసేటప్పుడు ముందు ఇదివరకు ఏమేం చేశారో, ఎందుకు ఆగిపోయాయో రాసుకోండి. తర్వాత అందరి దగ్గరా కూర్చోండి, కానీ సమస్య గురించి అడగొద్దు, వాళ్లకి ఏది ముఖ్యమో వినండి. ఒక అవ్వ చెంబు చూపించి "చుట్టాలొస్తే ఈ నీళ్లివ్వాలంటే సిగ్గేస్తది నాయనా" అంది. ప్లాంటు నడిపే అబ్బాయి చావింటికి పంపిన క్యాన్లకి డబ్బులు తీసుకోడట. పంచాయతీ పెద్దాయన ఏటా ఎండాకాలం నాన్న పేరున చలివేంద్రం పెడతాడు. ముగ్గురూ వేర్వేరు మాటలే అన్నారు, లోపల ఉన్నది మాత్రం ఒకటే: నీళ్లంటే ఇచ్చేవి, అమ్ముకునేవి కావు. థీమ్ అంటే ఇదే, వాళ్ల నోట వచ్చిన మాటల్లోంచే తీయాలి, మనం తెచ్చి అతికిస్తే నిలవదు.

ఇప్పుడు ప్రశ్న తిప్పండి. ఈ ప్లాంటు ఏడాది పొడవునా నడిచే చలివేంద్రమైతే? అప్పుడు పుట్టినరోజుకో తద్దినానికో ఒక రోజు వంట నీళ్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, బిందె పట్టేలా కుళాయి ఎంత ఎత్తులో ఉండాలి అనే పనులు బయటపడతాయి.

ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం వదలొద్దు. చలివేంద్రం అనగానే అందరికీ తీపి జ్ఞాపకమే రాదు. ఒకప్పుడు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాల్సి వచ్చిన పెద్దవాళ్లు మన దళిత కాలనీల్లో ఇంకా ఉన్నారు. మేం ఆ థీమ్‌ని ముందు అక్కడికే తీసుకెళ్లాం, విన్నాక డ్రాయింగ్ మార్చాం: పోసే మనిషిని తీసేసి, ఎవరి కుళాయి వాళ్లే తిప్పుకునేలా గీశాం.