ఓవెన్‌లో ఒక మూల మాడి, మరో మూల పచ్చిగా మిగులుతుంటే

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఓటీజీ (కాల్చడానికి వాడే చిన్న కరెంటు ఓవెన్) కొనడానికి కేకు ఎంత కారణమో ఛెనాపోడ కూడా అంతే కారణం. ఛెనాలో, అంటే విరిగిన పాల ముద్దలో, పంచదార, కాస్త బొంబాయి రవ్వ కలిపి, సాల ఆకులు పరిచిన గిన్నెలో నిదానంగా కాల్చే ఈ తీపి ఓవెన్ లోపాన్ని దాచిపెట్టదు. అంతటా ముదురు గోధుమ రంగు రావలసిన చోట ఒక మూల బొగ్గై, ఎదుటి మూల తెల్లగా, తడిగా మిగిలిపోతే, ‘రాడ్డు పోయింది’ అని వెంటనే మెకానిక్కుకు కబురు పెట్టడం మనవాళ్లకు అలవాటు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రతిసారీ అదే మూల మాడుతున్నదా, లేక ఒకరోజు బాగా కాలి మరొకరోజు కాలకుండా పోతున్నదా? మొదటిదైతే లోపాన్ని ఓవెన్‌లో, అందులో గిన్నె పెట్టిన తీరులో వెతకాలి. రెండవదైతే ముందుగా ఇంటికి వచ్చే కరెంటును అనుమానించాలి.

ఈ సంగతి తేల్చడానికి ఒక బ్రెడ్డు ప్యాకెట్ చాలు. పై రాడ్లూ కింది రాడ్లూ పనిచేసేలా నాబ్ తిప్పి, 180 డిగ్రీల వద్ద ఖాళీ ఓవెన్‌ను 15 నిమిషాలకు తగ్గకుండా వేడి చేయాలి. సూచిక దీపం మొదటిసారి ఆరగానే చాలామంది గిన్నె లోపల పెట్టేస్తారు. అప్పటికి గాలి వేడెక్కుతుందే గాని గోడలు పూర్తిగా వేడెక్కవు కనుక, దీపం రెండు మూడుసార్లు ఆరి వెలిగే దాకా ఆగడం మంచిది. తరువాత మధ్య అరలోని జాలీ మీద, కింద పళ్లెమేదీ లేకుండా, బ్రెడ్డు ముక్కలను కొద్దికొద్ది ఎడంతో పరిచి, కొన్ని ముక్కలు ఎర్రబడగానే అన్నిటినీ ఒకేసారి తీసి, లోపల ఉన్న వరుసలోనే బల్ల మీద పేర్చాలి. పై ముఖం చూశాక తిరగేసి అడుగు కూడా చూడాలి. ఫోటో తీసుకుంటే మరొక పూట ఇదే పరీక్ష చేసినప్పుడు పోల్చడం సులువు.

తలుపు వైపు ముక్కలు కాస్త పాలిపోయి, వెనుక వరుస ముక్కలు ఎర్రబడితే అది లోపం కాదు. అద్దం గుండా వేడి కొంత పోతూనే ఉంటుంది కనుక, సగం సమయం గడిచాక గిన్నెను అటుదిటు తిప్పితే సరిపోతుంది. ముందు వరుస దాదాపు తెల్లగానే ఉండిపోతే మాత్రం సంగతి వేరు. సాధారణంగా ఓటీజీలో పైనా కిందా కూడా రాడ్లు ఎడమ నుంచి కుడికి అడ్డంగా, ఒకటి ముందు, ఒకటి వెనుక ఉంటాయి. గదిలో దీపాలు ఆర్పి అద్దంలోంచి చూస్తే, పనిచేస్తున్న రాడ్డు ఎర్రగానో మసక ఎరుపుగానో కనిపిస్తుంది, పోయినది నల్లగా ఉండిపోతుంది. ఓవెన్ సూచిక దీపం ఆరి ఉన్న సమయంలో అన్ని రాడ్లూ నల్లగానే ఉంటాయి కాబట్టి, అది వెలుగుతున్నప్పుడే చూడాలి.

ఎడమకూ కుడికీ తేడా వస్తే రాడ్డును నిందించడం తొందరపాటు. రాడ్డు లోపలి తీగ అంతటా ఒకే కరెంటు పారుతుంది కనుక అది మొత్తం వేడెక్కుతుంది, లేదా మొత్తం ఆగిపోతుంది. సగం కాలి సగం చల్లబడటం అరుదు. గిన్నె ఒక గోడకు ఆనిందా, తలుపు ఒక పక్క సందు వదులుతున్నదా, లోపల ఫ్యాను ఉంటే అది తిరుగుతున్నదా అని చూడాలి. గిన్నె చుట్టూ రెండు వేళ్ల ఖాళీ లేకపోతే వేడి గాలి తిరగదు.

పైన మాడి అడుగున పచ్చిగా ఉంటే ముందు నాబ్ ఏ గుర్తు మీద ఉందో చూసి, తరువాత అడుగున అల్యూమినియం రేకు పరిచారేమో చూడాలి. శుభ్రత కోసం పరిచే ఆ రేకు కింది రాడ్డు వేడిని అడ్డుకుంటుంది, రాడ్డుకు తగిలితే దాన్నీ పాడుచేస్తుంది. నల్లని గిన్నె వేడిని ఎక్కువగా పీల్చుకొని అడుగును త్వరగా మాడ్చితే, మెరిసే గిన్నెలో అదే పదార్థానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఇక కరెంటు సంగతి. మన పల్లెల్లో సాయంత్రం ఫ్యాను నెమ్మదించడం అందరూ చూసేదే, ఓవెన్ మీద దాని దెబ్బ ఇంకా ఎక్కువ. రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గానికి అనులోమంగా మారుతుంది కనుక, 230 వోల్టుల వద్ద 1500 వాట్లు ఇచ్చే రాడ్లు 180 వోల్టుల వద్ద దాదాపు 920 వాట్లే ఇస్తాయి. సూచిక దీపం అరగంటైనా ఆరకపోతే, అదే ఓవెన్‌లో ఉదయం త్వరగా ఆరితే, వోల్టేజీనే అనుమానించాలి. అటువంటి ఇంట్లో ఛెనాపోడ మధ్యాహ్నమే పెట్టుకోవడం చవకైన వైద్యం. ఫ్రిజ్ స్టెబిలైజరుకు ఓవెన్ తగిలించడం మాత్రం తప్పు. అది ఇంత భారానికి చేసినది కాదు. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉండాలి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా, దాని చుట్టూ ప్లాస్టిక్ రంగు మారినా, వంట ఆపి ముందు దాన్ని బాగుచేయించాలి.

ఇవన్నీ సరిగా ఉండి రాడ్డు నల్లగానే ఉంటే, ప్లగ్గు ఊడదీసి, ఓవెన్ పూర్తిగా చల్లారాక, రాడ్డు కొస వైరు విప్పి మల్టీమీటర్‌తో (కరెంటు పారే దారి తెగిందో లేదో చూపే మీటరుతో) చూడవచ్చు. కొన్ని పదుల ఓములు గాని, వంద దాటి గాని చూపితే రాడ్డు బాగున్నట్టే, లోపం నాబ్‌లోనో వైరులోనో ఉన్నట్టు. ఏమీ చూపకపోతే రాడ్డు తెగిందని అర్థం. రాడ్డు కొసకూ లోహపు ఒంటికీ మధ్య మీటరు కదిలితే మాత్రం, ఇంట్లో ఎర్తింగ్ ఉన్నా లేకపోయినా, ఆ ఓవెన్‌ను వాడకూడదు. వైర్లు విప్పే అలవాటు లేనివారు ఈ దశను మెకానిక్కుకే వదిలేయాలి. కొత్త రాడ్డు కొనేటప్పుడు పాతదాన్ని దుకాణానికి తీసుకువెళ్లి పొడవు, వాట్లు, కొసల ఆకారం సరిచూసుకోవాలి. బిగించాక కిటికీలు తెరిచి ఓవెన్‌ను పావుగంట ఖాళీగా కాల్చాలి. మొదట్లో కొంత పొగ, వాసన రావచ్చు. అవి తగ్గాక మళ్లీ బ్రెడ్డు ముక్కలు పరిచి చూసి, పాత ఫోటోతో పోల్చిన తరువాతే ఛెనా కలపాలి.