రేసు ఇంజన్‌కు కనెక్టింగ్ రాడ్లు: డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ మిగుల్చుకోకూడదు

అనంతపురంలో బళ్ళారి రోడ్డు మీద మాది బోరింగ్, హోనింగ్ షాపు. రోజూ వచ్చేవి ట్రాక్టర్లు, బొలేరోలు, బోరు లారీల ఇంజన్లు. ఏడాదికి నాలుగైదు మాత్రం రేసు ఇంజన్లు వస్తాయి. పాత ఎస్టీమ్‌లో, జిప్సీలో తయారు చేసుకుని కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో వెళ్ళే పిల్లలవి. వచ్చినవాడల్లా ముందు అడిగేది, "అన్నా, హెచ్ బీమ్ రాడ్లు ఎంతలో దొరుకుతాయి?" అని. రాడ్ అంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ. దాని నడుమ భాగం బీమ్, అడ్డంగా కోస్తే ఇంగ్లీషు హెచ్ ఆకారంలో కనిపించేది హెచ్ బీమ్, ఐ ఆకారంలో కనిపించేది ఐ బీమ్. క్రాంక్‌ను పట్టుకునే పెద్ద చివర బిగ్ ఎండ్, దాని కింది సగం క్యాప్, దాన్ని బోల్టులతో బిగిస్తారు. నేను ఎదురడిగేది, "ఎంత ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి ఎన్ని చుట్ల దాకా లాగుతావు నాయనా?" అని.

ఆ లెక్క తేలకుండా ధర మాట్లాడి లాభం లేదు. ఎస్టీమ్ 1298 సీసీ ఇంజన్ స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 350 గ్రాములు అనుకుందాం. 6,000 ఆర్‌పీఎం దగ్గర, పిస్టన్ పైకి చేరి వెనక్కి మళ్ళే క్షణంలో, అది రాడ్‌ను లాగే బలం సుమారు 700 కిలోలు. పద్నాలుగు సిమెంటు బస్తాలు రాడ్‌కు వేలాడదీసినట్టు. అదే 8,000 దగ్గర సుమారు 1,240 కిలోలు, అంటే పాతిక బస్తాలు. వేగం మూడోవంతు పెరిగితే లాగుడు ముప్పావు వంతుకు పైగా పెరిగింది. పొగను బయటికి నెట్టే ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో ఈ లాగుడు మరీ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు పిస్టన్‌ను కిందికి నొక్కే గ్యాస్ ఉండదు, బరువంతా రాడ్ బోల్టుల మీదే పడుతుంది. టర్బో ఇంజన్ కథ వేరు. అక్కడ పేలుడు ఒత్తిడికి రాడ్ నలిగి వంగుతుంది కాబట్టి బీమ్ బలం ముఖ్యం. టర్బో లేకుండా పై ఆర్‌పీఎంలో తిరిగే ఇంజన్‌కు బోల్టు ముఖ్యం.

ఇంకొకటి, కొనేముందు మీ క్లాసు రూల్‌బుక్ చదవండి. కొన్ని క్లాసుల్లో కంపెనీ రాడ్ తప్ప ఇంకోటి ఒప్పుకోరు. డబ్బు పెట్టాక స్క్రూటినీలో, అంటే రేసు దగ్గర బండి తనిఖీలో తెలిస్తే ఏడుపొస్తుంది.

మీది 7,000 లోపల తిరిగే ఇంజన్ అయితే, ఫోర్జింగ్ చేసిన (కాల్చి అచ్చులో కొట్టి తీసిన) పాత రాడ్లే ఉంటే, వాటినే బాగుచేయించడం అన్నిటికన్నా చవక. ముందు నాలుగింటికీ మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ చేయించాలి. మా ఊళ్ళో ఆ మెషీన్ లేదు, నేను బెంగళూరు పంపిస్తాను. పగులు లేదని తేలాక బీమ్ అంచుల మీద ఫోర్జింగ్ గీతను పొడవు వెంబడి నునుపు చేసి, పాలిష్ పట్టి, షాట్ పీనింగ్ (సన్న ఉక్కు గుళ్ళతో కొట్టి పైపొరను గట్టిపరచడం) చేయించాలి. అడ్డంగా ఒక్క గీత కూడా మిగలకూడదు, పగులు అక్కడే మొదలవుతుంది. నంబర్ పంచ్ బీమ్ మీద ఎప్పుడూ కొట్టకండి. తర్వాత కొత్త బోల్టులు వేసి, టార్క్‌కు బిగించి, బిగ్ ఎండ్ రంధ్రాన్ని రాయితో అరగదీసి మళ్ళీ గుండ్రంగా హోన్ చేయాలి. బోల్టు మారితే క్యాప్ కూర్చునే తీరు మారుతుంది కాబట్టి ఈ పని వదలకూడదు. ఈ మధ్య చాలా కార్లలో వస్తున్న, లోహపు పొడిని అచ్చులో నొక్కి చేసే పౌడర్ మెటల్ రాడ్లకు ఇది కుదరదు. వాటి క్యాప్‌ను విరగ్గొట్టి విడదీస్తారు. ఆ విరుపు గరుకులోనే క్యాప్ సరిగ్గా కూర్చుంటుంది, దాన్ని గ్రైండ్ చేసి సైజు తగ్గించే వీలే లేదు.

అంతకు మించి లాగాలంటే కొత్త రాడ్లు కొనాల్సిందే. హెచ్ బీమ్ మంచిదా, ఐ బీమ్ మంచిదా అని రాత్రంతా వాదించుకునే పిల్లల్ని చూశాను. మీ స్థాయి ఇంజన్‌కు ఏదైనా సరిపోతుంది. అడగాల్సింది స్టీలు గురించి. మంచి రాడ్ల స్టీలును 4340 అంటారు, మన లేత్ షాపుల్లో ఈఎన్ 24 అంటే దాదాపు అదే రకం. మెటీరియల్ సర్టిఫికెట్ చూపమనండి. అల్యూమినియం రాడ్ల జోలికి పోకండి, వాటికి ఆయుష్షు తక్కువ. టైటానియం మన జేబుకు అందదు. బయటి దేశం నుంచి తెప్పిస్తే సుంకం, జీఎస్‌టీ, కొరియర్ కలిపి లెక్క వేసుకోండి.

ఇప్పుడు బోల్టు. కొన్నేళ్ళ కిందట ఒక కుర్రాడు చవకలో హెచ్ బీమ్ రాడ్లు తెచ్చాడు. చూడ్డానికి అద్దంలా మెరుస్తున్నాయి. బోల్టు తల మీద ఏ గుర్తూ లేదు. మార్చుదామన్నాను, డబ్బుల్లేవన్నాడు, నేనూ సరే అని బిగించేశాను. ఆ తప్పు నాదే. మూడో ల్యాప్‌లో రాడ్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికొచ్చింది. నా పిడికిలి దూరేంత బొక్క. ఆయిల్ ట్రేలో దొరికిన బోల్టు ముక్క ఇంకా నా టేబుల్ సొరుగులో ఉంది. విరిగినచోట సగం నునుపుగా, నీటి అలల్లాంటి గీతలతో ఉంటుంది, మిగతా సగం చక్కెర పలుకులా గరుకు. అంటే అది ఒక్కసారిగా విరగలేదు. బిగింపు చాలక ప్రతి తిప్పుకూ కొంచెం సాగి, కొంచెం కొంచెంగా చీలి, చివరికి తెగింది.

అందుకే చెబుతున్నాను. రాడ్ మామూలుదైనా పర్వాలేదు, బోల్టు ఏఆర్‌పీ లాంటి పేరున్న కంపెనీది వేయండి. వాళ్ళ 8740 స్టీలు రకం చాలామందికి సరిపోతుంది, 8,000 దగ్గర ఎక్కువసేపు తిప్పేవాళ్ళు ఏఆర్‌పీ 2000 తీసుకోండి. నకిలీలు తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి.

పెట్టె విప్పగానే బిగించకండి. రెండు చివర్ల రంధ్రాల మధ్య నుంచి మధ్యకు పొడవు పాత రాడ్‌తో సరిపోవాలి. క్యాప్ బిగించి బోర్ గేజ్‌తో బిగ్ ఎండ్‌ను మూడు దిక్కుల్లో కొలవండి. చవక సెట్లలో నాలుగింట్లో ఒకటి గుడ్డు ఆకారంలో ఉండటం నేను చాలాసార్లు చూశాను. అది హోనింగ్‌తో సరిపోతుంది, భయం లేదు. షెల్స్ (బిగ్ ఎండ్ లోపలి బేరింగు ముక్కలు) వేశాక క్రాంక్ పిన్‌కు ఆయిల్ సందు 42 మిల్లీమీటర్ల పిన్ను అయితే 0.04 నుంచి 0.05 మిల్లీమీటర్లు ఉండేలా చూస్తాను. పెద్ద చివర, చిన్న చివర విడివిడిగా తూచి నాలుగూ ఒక గ్రాము తేడాలోకి తేవాలి. తర్వాత క్రాంక్‌ను చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పి, బోల్టు తల బ్లాక్‌కు ఎక్కడైనా తగులుతుందేమో టార్చ్ వేసి చూడాలి.

చివరి బిగింపు టార్క్ రెంచ్ ఒక్కదానితో వద్దు. మీరు పెట్టే బలంలో చాలా భాగం బోల్టు మరల్లోని రాపిడికే పోతుంది. ఇంజనాయిల్ పూస్తే ఒకలా, బోల్టుతో వచ్చిన గ్రీజు పూస్తే ఇంకోలా బిగుస్తుంది. బోల్టు ఎంత సాగిందో కొలిచే స్ట్రెచ్ గేజ్ కొనండి, లేదా ఒక పూట మా షాపుకు రండి, నాది వాడుకోండి. బిగించకముందు బోల్టు పొడవు, బిగించాక పొడవు, తేడా బోల్టుతో వచ్చిన కాగితంలో చెప్పినంత రావాలి. ఎనిమిది బోల్టుల పొడవులూ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. సీజన్ అయ్యాక విప్పి మళ్ళీ కొలవండి. ఏ బోల్టయినా మొదటి పొడవు కంటే 0.025 మిల్లీమీటర్లు సాగి ఉంటే దాన్ని పక్కన పడేసి కొత్తది వేయండి.