విదేశీ శిబిరానికి వెళ్లే కయాక్ క్రీడాకారులకు: అద్దె పడవలో మీ కొలతలు

జాతీయ జట్టుకు ఎంపికై తొలిసారి యూరప్ వెళ్లే కయాక్ క్రీడాకారులకు, అందులోనూ బెంగళూరులో పెరిగి ఇక్కడి చెరువు నీళ్లలో తెడ్డు పట్టిన మన తెలుగు పిల్లలకు, నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: అక్కడ మీరు కూర్చోబోయే పడవ మీది కాదు. ఒక్కరే నడిపే కె1 పడవ పొడవు 5.2 మీటర్ల వరకు ఉంటుంది కనుక దాన్ని మామూలు ప్రయాణ సామానుతో విమానంలో వేయడం కుదరదు. దూరదేశాల నుంచి వచ్చే జట్లు పోటీ జరిగే చోటే పడవలను అద్దెకు తీసుకుంటాయి. కాబట్టి మీరు వెంట తీసుకెళ్లవలసింది పడవను కాదు, మీ శరీరానికి కుదిరిన మీ సొంత పడవ కొలతలను.

నా మొదటి విదేశీ పోటీకి ముందు ఈ సంగతి తెలియక, పడవ చేతికి వచ్చిన సాయంత్రం ఫుట్‌రెస్ట్‌ను, అంటే పాదాలు ఆనే పలకను, కంటి అంచనాతో బిగించి నీళ్లలోకి దిగాను. అది నాకు కావలసిన చోటు కంటే రెండు వేళ్ల మందం ముందుకు ఉండటంతో పాదంతో తన్నినప్పుడు పలక సరిగా ఆనలేదు. నడుము తిరగక భారమంతా చేతుల మీద పడి, 1000 మీటర్లలో సగం దాటేసరికి ముంజేతులు బిగుసుకుపోయాయి. నెలల తరబడి చేసిన సాధన అంతా ఒక్క బోల్టు దగ్గర ఆగిపోయిందన్న బాధ చాలాకాలం వదల్లేదు.

అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందు, మీ పడవలో కూర్చోవడం పూర్తిగా కుదిరిందనిపించిన రోజున, దర్జీలు వాడే టేపు తీసుకుని కొలవండి. సీటు ముందంచు నుంచి పాదాలు ఆనే పలక వరకు ఎంత దూరం ఉందో, పడవ అడుగు నుంచి సీటు ఎంత ఎత్తులో ఉందో, చుక్కానిని తిప్పే కడ్డీ పాదాల మధ్య ఎంత ఎత్తుకు వస్తోందో సెంటీమీటర్లలో రాసుకుని, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. సీటును విప్పి వెంట తీసుకెళ్లేవారు చాలామంది ఉన్నారు, అదే మేలని నా అభిప్రాయం. అయితే పోర్చుగల్‌లో తయారయ్యే నెలో పడవకు బిగిసే సీటు పోలాండ్ పడవ ప్లాస్టెక్స్‌కు బిగుస్తుందన్న నమ్మకం లేదు కనుక, ఏ కంపెనీ పడవ ఇస్తారో కోచ్‌ను ముందే అడగండి. పడవ సైజును మనిషి బరువును బట్టి ఇస్తారు కాబట్టి మీ బరువును ఉన్నదున్నట్టు చెప్పండి, రెండు కిలోలు తగ్గించి చెబితే నష్టం మీకే.

తెడ్డు మాత్రం మీదే తీసుకెళ్లాలి. రెండు ముక్కలుగా విడిపోయే కాడ ఉన్నదైతే ప్రయాణం సులభం. విప్పేముందు దాని పొడవును, రెండు రెక్కల మధ్య కోణాన్ని రాసుకుని, చేతులు పట్టుకునే చోట ఎలక్ట్రికల్ టేపు చుట్టండి. రెక్కలను ట్రాక్‌సూట్లలో చుట్టి సర్దుకోండి. అలెన్ కీలు, మరలు, టేపు చెక్-ఇన్ సామానులో ఉండాలి.

పత్రాల విషయంలో చెప్పవలసింది తక్కువే. పోటీకి పేర్లు పంపేది జాతీయ సమాఖ్యే, క్రీడాకారుడు సొంతంగా నమోదు చేసుకోలేడు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. తిరుగు ప్రయాణం తర్వాత కూడా పాస్‌పోర్టుకు కనీసం మూడు నెలల గడువు ఉండాలి, వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు.

ఇంట్లో అమ్మ సర్దిపెట్టే డబ్బాలను ఒకసారి మీరే చూసుకోండి. కందిపొడి, అటుకులు నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. పాలతో చేసినవాటిని బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు కనుక నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. లేహ్యాలు, పేరు తెలియని ప్రోటీన్ పొడులు, జలుబు మాత్రలు జట్టు వైద్యుడికి చూపించకుండా నోట్లో వేసుకోవద్దు. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో పరిమితి దాటితే డోపింగ్ కిందకు వస్తుంది. శరీరంలో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే, అమ్మ ఇచ్చిందన్న మాట అక్కడ చెల్లదు.

ప్రపంచ కప్ పోటీలు తరచుగా మే నెలలో హంగరీలోని సెగెద్‌లోనో, పోలాండ్‌లోని పోజ్నాన్‌లోనో జరుగుతాయి. అప్పటి నీళ్లు మన చెరువుల కంటే చాలా చల్లగా ఉంటాయి. పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఒడ్డుకు ఈదబోకండి, పడవను పట్టుకునే ఉండండి. ఈ అలవాటు ఇక్కడి వెచ్చని నీళ్లలోనే చేసుకోవాలి. వేసవిలో మన గడియారం వారికంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మొదటి రోజుల్లో తెల్లవారుజామునే మెలకువ వచ్చి, సాయంత్రానికే నిద్ర ముంచుకొస్తుంది. ఎండ ఉన్నంతసేపు బయట తిరిగి రాత్రి తొమ్మిది దాకా మేలుకోండి. మొదటి రోజు వేగం జోలికి పోకుండా నలభై నిమిషాలు నెమ్మదిగా నడిపి, నీటి మీద ఏ వైపు వెళ్లాలో, ఏ వైపు తిరిగి రావాలో చూపే బోర్డును చదవండి. ఆ దారి తప్పితే ఎదురుగా వచ్చే పడవ ముక్కు మీ పక్కటెముకలకు తగిలే ప్రమాదం నిజంగానే ఉంది.

పోటీ రోజున ముగింపు గీత దాటాక కొన్ని పడవలను తూకానికి పిలుస్తారు. కె1 పడవ 12 కిలోలకు తగ్గితే ఆ ఫలితం రద్దవుతుంది. అద్దె పడవ బరువు సరిగానే ఉంటుందిలే అనుకోకుండా, ముందు రోజే తూకం వేయించి చూడండి. లేన్ 9 మీటర్ల వెడల్పు ఉంటుంది, అందులో మధ్యగా నడవాలి. బయలుదేరే ముందు చుక్కానికి నాచు చుట్టుకుందేమో చూసుకోండి. ఒక్క పోగు ఉన్నా పడవ ఒక పక్కకు లాగుతుంది, ఆ లాగుడును మీరు మీ బలహీనత అనుకుంటారు.

పడవను తిరిగి అప్పగించే సాయంత్రం టేపు మళ్లీ బయటకు తీయండి. మూడు వారాల శిబిరంలో మీరు ఫుట్‌రెస్ట్‌ను ఒక గీత ముందుకో వెనక్కో జరుపుకుని ఉంటారు. కొత్త కొలతను పాతదాని పక్కనే తేదీతో రాసి, ఆ తర్వాతే మరలు వదులు చేయండి.