మేఘం మీద మచ్చలు పడకుండా

ఎస్‌వీజీ కోడ్‌తో, అంటే ఆకారాలను అక్షరాల్లో రాసే కోడ్‌తో, బొమ్మలు గీసేవాళ్లకు ఒక చిట్కా. మూడు వృత్తాలు ఒకదాని మీదికి ఒకటి జరిపి మేఘం గీశారనుకోండి. ఒక్కోదానికి ఫిల్-ఒపాసిటీ (లోపలి రంగు చిక్కదనం) 0.5 ఇస్తే, రెండు కలిసిన చోట రంగు 75 శాతానికి చిక్కబడి రెండు కొసలూ మొనదేలిన ఆకు ఆకారంలో మచ్చ తేలుతుంది. నేనూ చాలాకాలం ఆ అంచులు కలవకుండా జరుపుతూ తంటాలు పడ్డాను. అంత అక్కర్లేదు. వృత్తాలకు నిండు రంగే ఉంచి, మూడింటినీ ఒక జీ ట్యాగ్‌లో (ఆకారాల్ని గుంపుగా కట్టేది) పెట్టి, ఒపాసిటీ 0.5 ఆ ట్యాగ్‌కే ఇవ్వండి. ముందు గుంపంతా ఒకే బొమ్మగా తయారై, ఆ తర్వాతే పల్చబడుతుంది. మేఘం ఎంత హాయిగా ఉంటుందో!

రంగు మెల్లగా మాయమవ్వాలంటే లీనియర్ గ్రేడియంట్ (ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా మారే రంగు) వాడండి. రెండు కొసల్లోనూ స్టాప్-కలర్ (ఆ కొస రంగు) ఒకటే ఉండాలి, స్టాప్-ఒపాసిటీ (ఆ కొసలో చిక్కదనం) మాత్రం 1 నుంచి 0కి దిగాలి. రెండో కొసకు రంగు బదులు ట్రాన్స్‌పరెంట్ అని రాస్తే అది నిజానికి పారదర్శకమైన నలుపు. అందుకే పసుపు రంగు మధ్యలో మసిబారినట్టు కనిపిస్తుంది.

ఫొటోకో, చాలా రంగులున్న బొమ్మకో అయితే మాస్క్ (ఏ భాగం కనిపించాలో తేల్చే ముసుగు) మేలు. అందులో తెలుపు నుంచి నలుపుకి వెళ్లే గ్రేడియంట్‌తో ఒక దీర్ఘచతురస్రం పెట్టండి. తెలుపున్న చోట బొమ్మ కనిపిస్తుంది, నలుపున్న చోట కనిపించదు.

అన్నట్టు, పూర్తిగా అడ్డంగానో నిలువుగానో ఉన్న గీతకు గ్రేడియంట్ ఇస్తే గీతే మాయమవుతుంది. గ్రేడియంట్‌ని లెక్కించేది గీత చుట్టూ పట్టే పెట్టెను (బౌండింగ్ బాక్స్) బట్టి, ఆ పెట్టెకు ఒకవైపు కొలత సున్నా కావడమే కారణం. గ్రేడియంట్‌లోని గ్రేడియంట్‌యూనిట్స్‌ని యూజర్‌స్పేస్‌ఆన్‌యూజ్‌గా (పెట్టెను కాక బొమ్మ కొలతల్నే వాడమని) మార్చి, గ్రేడియంట్ కొసలకు గీత కొసల స్థానాలే ఇవ్వండి, మళ్లీ కనిపిస్తుంది.