రెండు రోజుల్లో చెన్నై: ఏ వారం, ఏ పూట, ఏ రైలు

చెన్నైలో ఏమేం చూడాలన్న జాబితా ఎవరిని అడిగినా చెబుతారు. మెరీనా, మైలాపూర్, సెయింట్ జార్జి కోట, మ్యూజియం. చిక్కు జాబితాతో రాదు, వేళతో వస్తుంది. పొద్దున పది దాకా బీచ్‌లో తిరిగి, పన్నెండున్నరకు చెమటలు కక్కుతూ కపాలీశ్వరుడి గుడికి చేరితే తలుపులు మూసేసి ఉంటాయి. మళ్లీ తీసేది నాలుగింటికి. ఆ మధ్యలో ఎండకు కాలిన రాళ్ల మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, ఎక్కడికీ పోలేం. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి రోజంతా పాడైనట్టే.

కాబట్టి ముందు పూటలు పంచుకోండి. పొద్దున తెల్లవారుజాము నుంచి పదకొండున్నర వరకు గుళ్లు, వీధులు. పన్నెండు నుంచి నాలుగు వరకు నీడపట్టున ఉండేవి, అంటే మ్యూజియం, భోజనం, షాపింగ్. నాలుగు దాటాక మళ్లీ గుడి, ఆ తర్వాత సముద్రం. ఈ ఒక్కటి పాటిస్తే రెండు రోజుల్లో ఊరు తీరిగ్గా చూడొచ్చు.

తర్వాత వారం చూసుకోండి. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం, కోటలోని మ్యూజియం రెండూ శుక్రవారం సెలవు. మన ఊళ్లలో శుక్రవారం సెలవు పెట్టుకుని మూడు రోజులు కలిసొచ్చేలా వచ్చేవాళ్లకు ఎక్కువగా తగిలేది ఈ దెబ్బే. మెరీనా లైట్‌హౌస్‌కు సోమవారం సెలవు. గిండీ పాముల పార్కుకు, వండలూరు జూకు మంగళవారం. అడయార్ దివ్యజ్ఞాన సమాజం తోటలో పెద్ద మర్రిని చూడాలంటే ఆదివారం లోపలికి వదలరు. మిగతా రోజుల్లోనూ పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపే. శనివారం, ఆదివారం వస్తే మర్రిచెట్టు ఒక్కటే రెండో రోజున పోతుంది. అదీ పెద్ద నష్టం కాదు, దాని మొదటి మాను 1989 గాలివానకే పడిపోయింది, ఇప్పుడు నిలబెడుతున్నవి ఊడలే.

నెల సంగతి: డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు ఇక్కడే గట్టిగా కురుస్తాయి. నవంబరు టికెట్ తీసుకునేవాళ్లు ఒక రోజు వానకు వదులుకునే లెక్కలో ఉండాలి. మేలో వద్దు.

దిగడం, సామాను, బండి

నెల్లూరు, విజయవాడ వైపు రైళ్లలో చాలావరకు సెంట్రల్‌లో దిగుతాయి. గది పొద్దున దొరకకపోతే సామాను అక్కడి క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. బ్యాగుకు తాళం ఉండాలి, రైలు టికెట్ చూపించాలి. తాళం వేయని సంచులు, తాడుతో కట్టిన పెట్టెలు తీసుకోరు. ఇంటి నుంచే చిన్న తాళం ఒకటి తెచ్చుకుంటే నయం.

బస్సులో వచ్చేవాళ్లకు ఒక మాట. ఆంధ్రా బస్సులు 2018 నుంచి ఎక్కువగా మాధవరం బస్టాండుకు వస్తాయి. అది ఊరికి ఉత్తరం కొస. అక్కడి నుంచి సెంట్రల్‌కు సిటీ బస్సు ఎక్కాలి. కోయంబేడులో దిగుతామనుకుని హోటల్ అక్కడ బుక్ చేసుకుంటే పొద్దున్నే మళ్లీ ప్రయాణం.

ఊళ్లో తిరగడానికి రెండు రైళ్లు మీకు పనికొస్తాయి. మెట్రోలో నీలం లైన్, పచ్చ లైన్ సెంట్రల్‌లో కలుస్తాయి. పచ్చ లైన్‌లో తర్వాతి స్టేషనే ఎగ్మోర్. నీలం లైన్‌లో హైకోర్టు, గవర్నమెంట్ ఎస్టేట్, గిండీ, ఎయిర్‌పోర్టు ఉన్నాయి. రెండోది బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరికి వంతెన మీద పోయే లోకల్. కోట, చేపాక్, లైట్‌హౌస్, మైలాపూర్ అన్నీ ఈ ఒక్క లైన్ మీద వరుసగా వస్తాయి. టికెట్ 5 రూపాయల నుంచి మొదలు. బోర్డుల మీద మైలాపూర్ అని ఉండదు, తిరుమయిలై అని ఉంటుంది. ట్రిప్లికేన్ అని వెతికితే దొరకదు, అది తిరువల్లిక్కేణి. స్టేషన్లు చాలా ఎత్తులో ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో అయితే ఆటో మేలు. చీకటి పడ్డాక ఆ ప్లాట్‌ఫారాల మీద జనం పలచగా ఉంటారు. ఆటో ఎక్కేముందు ధర మాట్లాడుకోండి, లేదా యాప్‌లో పెట్టుకోండి. గుడి అంటే చాలామంది డ్రైవర్లకు తెలియదు, కోవిల్ అనండి.

మొదటి రోజు: మైలాపూర్, మ్యూజియం, మెరీనా

ఏడింటికల్లా మైలాపూర్‌లో ఉండండి. కపాలీశ్వరుడి గుడికి తూర్పున ఉన్నది ఏడంతస్తుల రాజగోపురం, దాదాపు 120 అడుగులు. అందరూ అక్కడి నుంచే లోపలికి పోతారు. కానీ స్వామి పడమర ముఖంగా ఉంటాడు, కోనేరు కూడా పడమటి వైపే. అంటే గోపురం దాటి నేరుగా వెళ్తే గర్భాలయం వెనక్కి చేరతాం. ఎడమ పక్క నుంచి ప్రదక్షిణగా పడమరకు తిరిగి రండి. దారిలో పొన్నచెట్టు కింద చిన్న గుడి కనబడుతుంది. అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి పూజించిన కథ దానిదే. దర్శనం అయ్యాక చుట్టూ నాలుగు మాడవీధులు నడవండి. పూలకొట్లు, ఇత్తడి సామాను, నవరాత్రుల ముందైతే వరుసగా బొమ్మలకొలువు బొమ్మలు. టిఫిన్ ఇక్కడే కానివ్వండి, మైలాపూర్‌లో పొద్దుటి పొంగలికి, ఫిల్టర్ కాఫీకి వంక పెట్టలేం. లజ్ కూడలి దగ్గర మెట్రో పనుల వల్ల దారులు మారుతుంటాయి కాబట్టి మ్యాప్‌ను పూర్తిగా నమ్మకండి.

అక్కడికి దగ్గర్లోనే రాయపేట హైరోడ్డులో 126 నంబరు. పర్యాటకుల బస్సులు ఆగవు కానీ తెలుగువాళ్లు చూడకుండా పోకూడని చోటు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నది ఇక్కడే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇప్పుడది స్మారక భవనం. పది నిమిషాలు చాలు.

ఎండ ముదరకముందే శాంథోమ్ చర్చి చూసేయండి. తెల్లటి గోథిక్ కట్టడం, 1896 నాటిది. కింద ఏసు శిష్యుడు తోమా సమాధి ఉన్న చిన్న గదికి విడిగా దారి ఉంది. అక్కడ మాట్లాడకూడదు.

భోజనం చేసి ఒంటిగంటకల్లా ఎగ్మోర్ చేరండి. 1851లో పెట్టిన మ్యూజియం ఇది, మన దేశంలో కలకత్తా దాని తర్వాత అంత పాతది ఇదే. ఆవరణలో చాలా భవనాలు. టికెట్ తీసుకున్న వాళ్లలో ఎక్కువమంది మొదట కనబడిన గదిలో చర్మం లోపల కూరి నిలబెట్టిన జంతువుల దగ్గరే ఓపిక అయిపోగొట్టుకుంటారు. మీరు అలా చేయకండి. కౌంటర్‌లోనే అమరావతి గది, కంచు విగ్రహాల గది తెరిచి ఉన్నాయా అని అడగండి, మరమ్మతులకు మూస్తుంటారు. ఆ రెండూ ముందు చూసి మిగతావి తర్వాత.

అమరావతి గది మనది. గుంటూరు దగ్గర స్తూపాన్ని 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపాడు. కొన్నేళ్లు అవి ఆరుబయట ఎండకు వానకు పడి ఉన్నాయి. చాలా వాటిని 1859లో లండన్‌కు ఓడ ఎక్కించారు. ఇక్కడ మిగిలినవీ, తర్వాత తవ్వకాల్లో వచ్చినవీ ఈ గదిలో ఉన్నాయి. అన్నీ చూడాలని పరుగెత్తొద్దు. నాళాగిరి ఏనుగు ఫలకం వెతకండి. గుండ్రటి పతకం లాంటి రాయి. ఎడమ వైపు మదమెక్కిన ఏనుగు నగరద్వారం నుంచి దూసుకొస్తూ ఒకణ్ణి కాళ్ల కింద వేసి తొక్కుతోంది, జనం చెల్లాచెదురు, పై అంతస్తు కిటికీల్లోంచి చూసేవాళ్లు. అదే రాతిలో కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. రెండు ఏనుగులు కావు, ఒకే ఏనుగు రెండు క్షణాల్లో. ఎడమ నుంచి కుడికి చూస్తేనే కథ అర్థమవుతుంది. రాయి పాలిపోయిన సున్నపురాయి, ఎదురుగా నిలబడితే చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ఒక పక్కకు జరిగి, వెలుగు వాలుగా పడేలా చూడండి, వేళ్ల మడతలు కూడా తేలతాయి. ముట్టుకోకండి.

కంచు గదిలో నటరాజులు చాలా ఉన్నా తిరువెంగాడు అర్ధనారీశ్వరుడి ముందు కాస్త ఎక్కువసేపు ఆగండి. నడుము వంపు ఒక వైపే స్త్రీది. రెండు గదులకూ కలిపి రెండు గంటలు. కెమెరాకు విడిగా టికెట్ ఉంటుంది.

నాలుగు కొట్టాక ఆటోలో ట్రిప్లికేన్ పార్థసారథి గుడి. అప్పుడే తలుపులు తీస్తారు, జనం తక్కువ. మూలవిరాట్టు వేంకటకృష్ణుడు, మీసాలతో ఉంటాడు. ఉత్సవమూర్తి పార్థసారథి ముఖం మీద భీష్ముడి బాణాల గుర్తులు ఉంటాయి. ప్రసాదం చక్కెర పొంగలి దొరికితే వదలకండి. అక్కడి నుంచి మెరీనాకు నడకే.

మెరీనా గురించి మూడు సంగతులు. మొదటిది, రోడ్డు నుంచి నీటి దాకా ఇసుక చాలా వెడల్పు, పెద్దవాళ్లకు అది పెద్ద నడక. ఈ ఇసుక మొదటి నుంచి ఉన్నది కాదు. ఉత్తరాన హార్బరు గోడ కట్టాక, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక దానికి అడ్డుపడి ఇక్కడ పేరుకుంది. గోడకు అవతలి పక్క రాయపురం వైపు మాత్రం సముద్రం తీరాన్ని కోసేస్తోంది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1884లో ఈ ఒడ్డున రోడ్డు వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. రెండోది, స్నానం వద్దు. నిషేధం ఊరికే పెట్టలేదు, ఒడ్డు చటుక్కున లోతుకు పోతుంది, అల వెనక్కి లాగే పట్టు గట్టిగా ఉంటుంది. మోకాళ్ల లోతు అనుకున్నవాళ్లే పోతున్నారు. మూడోది, చక్రాల కుర్చీలు పోయేలా చెక్క దారి ఒకటి నీటి దగ్గర దాకా వేశారు, నడవలేనివాళ్లను అటు తీసుకెళ్లండి. లైట్‌హౌస్ పైకి లిఫ్ట్ ఉంది. కానీ సాయంత్రం ఐదుకే మూస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు విరామం. ఎక్కాలంటే ట్రిప్లికేన్ కన్నా ముందు వెళ్లండి. సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు కాబట్టి అస్తమయం ఫొటోకు ఇక్కడికి రావద్దు. శ్రమజీవుల విగ్రహం 1959 నాటిది, దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసింది.

రెండో రోజు: కోట, జార్జిటౌన్, తర్వాత మీ ఇష్టం

కోట తొమ్మిదికి. లోపల సచివాలయం, శాసనసభ ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. ఆధార్ లాంటిది జేబులో ఉంచుకోండి. సభ జరిగే రోజుల్లో కాస్త ఆపుతారు. 1639 ఆగస్టు 22న దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఈ నేల ఇవ్వడంతో ఊరు మొదలైంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చిందంటారు. 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి చూడండి. మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జాతీయ పతాకం ఉంది. అసలు పతాకమే, నమూనా కాదు.

అక్కడి నుంచి హైకోర్టు ఎర్రటి గుమ్మటాలు బయటి నుంచే చూసుకుంటూ జార్జిటౌన్‌లోకి దిగండి. తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడి ఉంది. 1677లో ఛత్రపతి శివాజీ వచ్చి దర్శించుకున్నాడని అక్కడ చెబుతారు. పదకొండున్నరలోపు చేరాలి. కొత్వాల్‌చావిడి వైపు కన్యకాపరమేశ్వరి గుడి మన వైశ్యులది. కూలీలు మూటలతో పరుగెడుతుంటారు, సందుల్లో పక్కకు తప్పుకోవడం మన పని. ఆటో లోపలికి తేవద్దు, చిక్కుకుంటే అరగంట.

మధ్యాహ్నం షాపింగ్‌కు టి. నగర్. త్యాగరాయ నగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, పానగల్ పార్కు పేరు పానగల్ రాజాది, ఇద్దరూ తెలుగువాళ్లే. రంగనాథన్ వీధి ఆదివారం సాయంత్రం వద్దు, పిల్లల చేయి వదిలితే దొరకడం కష్టం. షాపింగ్ అక్కర్లేనివాళ్లు నాలుగింటి తర్వాత మెట్రోలో సెయింట్ థామస్ మౌంట్ వెళ్లండి. 130 పైచిలుకు మెట్లు. పై నుంచి విమానాలు దిగడం కనిపిస్తుంది. 1802లో బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ దేశాన్ని కొలవడం మొదలుపెట్టిన గీతకు ఒక కొస ఈ కొండ దగ్గరే.

మహాబలిపురం ఈ రెండు రోజుల్లో ఇరికించొద్దు. ఊరి నుంచి 55 కిలోమీటర్లకు పైనే, దానికి విడిగా ఒక రోజు ఇవ్వాలి.

తిరుగు టికెట్ మీద స్టేషన్ కోడ్ ముందు రోజే చూసుకోండి. ఎం.ఏ.ఎస్. అంటే సెంట్రల్, ఎం.ఎస్. అంటే ఎగ్మోర్, టి.బి.ఎం. అంటే తాంబరం. హైదరాబాద్ బండ్లు కొన్ని తాంబరం నుంచే బయల్దేరతాయి. సెంట్రల్ ఎదుటి పార్క్ స్టేషన్ నుంచి అక్కడికి లోకల్‌లో గంట పడుతుందనుకోండి. సామాను సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో పెట్టి ఉంటే దానికి ఇంకో అరగంట కలపండి.